అక్రాకి వెళ్ళిపోయిన మా పని

మా పిన్ని కూతురు శ్రావణి డిగ్రీ అయిపోయి, వచ్చే నెల విశాఖపట్నంలో ఒక కాల్ సెంటర్‌లో చేరుతోంది. మొన్న మా ఇంటికి వచ్చి, "అక్కా, తొమ్మిదేళ్ళు సేసీసేవు గదా. అక్కడ ఏటి సెయ్యాల, ఏటి సెయ్యకూడదు, బేగి సెప్పీ" అంది. చెప్పబోయాను. "హెడ్‌సెట్ మెత్తలు నీవి నువ్వే కొనుక్కో, లేకపోతే చెవులు పుండ్లు పడతాయి" అన్నాను. ఆ తరువాత మాట రాలేదు. ఎదురుగా మనిషి కూర్చుని చూస్తూ ఉంటే నాకు మాట కుదరదు. రాసి ఇస్తానన్నాను. తనతో పాటు చేరే పిల్లలు చదివినా మంచిదే.

నాకు ముప్పై ఒకటి. ఈ వయసులో రిటైర్ అయ్యానంటే నాన్న నవ్వుతారు. కానీ ఈ పనిలో ముప్పై దాటితే ఫ్లోర్ మీద పెద్దమ్మ కిందే లెక్క. నేను చేసిన పని మా ప్రాంతం నుంచి వెళ్ళిపోయింది, ఇంకో చోట మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేకపోయింది. కనుక నాది రిటైర్మెంటే. ప్రమోషన్ల గురించీ జీతాల గురించీ ఇందులో ఏమీ ఉండదు. అవి చేరిన మొదటి రోజే హెచ్ఆర్ వాళ్ళు చెప్తారు. వాళ్ళు చెప్పనివి కొన్ని ఉన్నాయి. వాటిలో సగం నాకు నేర్పిన మనిషిని నేను ఒక్కసారి కూడా నేరుగా కలవలేదు. ఆమె అంటే నాకు ఇప్పటికీ కుళ్ళు. అది దాచి రాస్తే ఈ రాతకి అర్థం ఉండదు.

కుక్కకి ఇన్సూరెన్స్

మా ఆఫీసు విజయనగరంలో, రైల్వే స్టేషన్‌కి దగ్గరలో, పెళ్ళి బట్టల షాపు పైన రెండు అంతస్తుల్లో ఉండేది. మాది బొబ్బిలి. మార్కెట్ వీధిలో నాన్నకి కిరాణా కొట్టు ఉంది. నేనూ, ఆమదాలవలస నుంచి వచ్చిన గౌరీ ఆఫీసు వెనక సందులో ఒక గది తీసుకుని ఉండేవాళ్ళం. సెలవొస్తే ఎవరి రైలు వాళ్ళం ఎక్కేవాళ్ళం.

మా క్లయింట్ ఇంగ్లండ్‌లో ఒక బీమా కంపెనీ. మనుషులకి కాదు, పెంపుడు కుక్కలకీ పిల్లులకీ బీమా చేస్తుంది. కుక్కకి కాలు విరిగినా, పిల్లికి కిడ్నీ పాడైనా, ఆ వైద్యానికయ్యే ఖర్చు కంపెనీ ఇస్తుందా ఇవ్వదా అని యజమానులు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ విజయనగరంలో మోగేది. నేను చేరిన కొత్తలో మా అమ్మమ్మ, "ఓలమ్మ, కుక్కకి ఇన్సూరెన్సేటే! మీ తాతకే నేదు" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

ఇంగ్లండ్‌లో ఆఫీసులు తెరిచేసరికి మనకి మధ్యాహ్నం దాటుతుంది. కాబట్టి మా రోజు భోజనాలయ్యాక మొదలై, ఊరు పడుకున్నాక ముగిసేది. అన్నేళ్ళూ సాయంత్రం అన్నది నాకు నల్ల అద్దాల కిటికీలోంచి కనబడేదే. పేర్లు కూడా మావి కావు. వాసవి అంటే వాళ్ళకి నోరు తిరగదని నాకు వెనెస్సా అని పెట్టారు. గౌరి గ్లోరియా అయింది. మా పక్క కుర్చీ అప్పలనాయుడు ఆండ్రూ.

అయినా ఆ పని నాకు ఇష్టం. ఇంట్లో, కొట్లో, పెళ్ళిళ్ళలో నేను నాలుగు మాటలు కలిపి మాట్లాడితే గొప్ప. హెడ్‌సెట్ పెట్టుకుని వెనెస్సా అయ్యాక మాత్రం, ముక్కూ మొహం తెలియని ముసలాయనతో ఆయన కుక్క నిద్ర గురించి ఎంతసేపైనా మాట్లాడేదాన్ని. నన్నెవరూ చూడటం లేదు కాబట్టి మాట వచ్చేది. ఆ కుర్చీ పోతే నాకు ఉద్యోగంతో పాటు గొంతు కూడా పోతుందని ముందు నుంచీ భయం.

మెట్లు మెట్లుగా

మా మేనేజరు సన్యాసిరావు గారు పాతపట్నం మనిషి. మంచివారు. ఎవరికైనా జ్వరం వస్తే తన బండి మీద ఇంటి దగ్గర దింపేవారు. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం ఇది: "మొదటి ఫోన్లోనే కాదు అనీకండమ్మా. వినీవోళ్ళ గుండె ఆగిపోద్ది. మెల్లగా దించాల."

అది మాకు కొత్తగా అనిపించలేదు. మన ఇళ్ళల్లో చావు కబురు చెప్పే పద్ధతి అదే కదా. మా తాతయ్య పోయినప్పుడు నాన్న సరుకు కోసం పార్వతీపురం వెళ్ళి ఉన్నారు. చిన్నాన్న ఫోన్ చేసి "కొంచెం సీరియస్‌గా ఉన్నాది, బయల్దేరు" అన్నాడు. బస్సు దిగాక ఇంకెవరో "డాక్టర్లు ఏటీ సెప్పలేకపోతన్నారు" అన్నారు. వీధి మలుపులో షామియానా కనబడేదాకా పోయారన్న మాట ఎవరి నోటా రాలేదు. నాన్నకి మొదటి ఫోన్‌లోనే తెలుసు. తెలిసినా అలా దించడమే మర్యాద. కొట్లో కూడా అంతే. సరుకు లేకపోతే లేదనం, "రేపు వస్తాది" అంటాం.

ఆ మర్యాదని మేము ఇంగ్లండ్ దాకా తీసుకుపోయాం. పాలసీ తీసుకోక ముందే కుక్కకి ఆ జబ్బు ఉంటే కంపెనీ డబ్బు ఇవ్వదు. ఫైలు తెరవగానే మాకు ఆ సంగతి తెలిసిపోయేది. అయినా మొదటి ఫోన్‌లో "చూస్తున్నాం మేడమ్" అనేవాళ్ళం. మళ్ళీ చేస్తే "పై వాళ్ళకి పంపాం." ఇంకోసారి చేస్తే "కొంచెం కష్టంగా కనిపిస్తోంది." ఆ తరువాత ఎప్పటికో కాదన్న ఉత్తరం వెళ్ళేది. పార్వతీపురంలో నాన్నకి అర్థమైనట్టే అవతలి వాళ్ళకీ మొదటి మాటకే అర్థమైపోతుందని మా ఉద్దేశం. చూస్తున్నాం అంటే ఎవరో నిజంగానే కూర్చుని చూస్తున్నారని వాళ్ళు నమ్ముతారని మా ఫ్లోర్ మీద ఒక్కరికీ తట్టలేదు.

కొన్నేళ్ళు అలాగే నడిచింది. మర్యాదకి క్లయింట్ నుంచి మాకు మంచి మార్కులు కూడా వచ్చేవి.

ఒకప్పుడు కొత్త చోటు మేమే

ఈ పని ఇంగ్లండ్ నుంచి నేరుగా మా దగ్గరికి రాలేదు. మాకంటే ముందు హైదరాబాదులో చేసేవారు. నేను చేరిన ఏడాది క్లయింట్ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చి విజయనగరం చూసింది. ఆవిడకి బొబ్బిలి వీణ బొమ్మ ఇచ్చి ఫొటో తీసుకున్నాం. ఆవిడ తెర మీద వేసిన స్లైడులో మా ఊరి గుణాలు వరసగా ఉన్నాయి: ప్రశాంతమైన చిన్న ఊరు, తక్కువ అద్దెలు, ఉద్యోగాలు మారని పిల్లలు, గట్టిగా మాట్లాడని మర్యాదస్తులు. మేము చప్పట్లు కొట్టాం.

మాకు పని నేర్పడానికి హైదరాబాదు నుంచి రజియా మేడమ్ వచ్చారు. పాఠం బాగా చెప్పేవారు. భోజనానికి మాత్రం మాతో కూర్చునేవారు కాదు. వెళ్ళిపోయే రోజు, "మీకు ఇంటి దగ్గరే ఉద్యోగం దొరికింది. అదృష్టవంతులు" అన్నారు. మేము థాంక్యూ మేడమ్ అని నవ్వాం.

ఎనిమిదేళ్ళయ్యాక రజియా మేడమ్ కుర్చీలోకి నేను వచ్చాను. సన్యాసిరావు గారు పిలిచి, "క్లయింటు ఘనాలో కూడా ఒక చిన్న టీమ్ పెడతన్నారంట తల్లీ. నువ్వు ట్రైనింగ్ ఇయ్యాల. పాలసీలు నీకు తెలిసినట్టు ఇంకెవులికీ తెలీదు" అన్నారు.

"చిన్న టీమేనా సార్?"

"చిన్నదే. సూద్దాం."

ఈసారి స్లైడు మీద అక్రా నగరం ఉంది. శీతాకాలంలో అక్కడి గడియారం, లండన్ గడియారం ఒకటే. బడి నుంచీ ఇంగ్లిష్. సముద్రం అడుగున కేబుళ్ళు. కుర్ర జనాభా, పన్ను రాయితీలు. చివరి గీతలో, ఆత్మవిశ్వాసం ఉన్న గొంతులు అని రాసి ఉంది. మా స్లైడులో గట్టిగా మాట్లాడరు అన్నది పొగడ్తే. అది పొగడ్త కాకుండా ఏ రోజు పోయిందో నాకు ఎవరూ చెప్పలేదు.

"ఘనా ఎక్కడున్నాదే?" అన్నాడు నాయుడు.

"మనకన్నా ఇంగ్లండుకి దగ్గర బావా" అంది గౌరి. "నీకు ఆ ముక్క తెలిస్తే సాలు."

అకోసువా

అక్రా టీమ్‌కి పెద్దగా ఉన్న అమ్మాయి పేరు అకోసువా. వాళ్ళలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారట. అకోసువా అంటే ఆదివారం పుట్టిన ఆడపిల్ల. మా అమ్మమ్మ కూడా ఆదివారమే పుట్టింది, అందుకే ఆదెమ్మ. ఈ సంగతి గౌరితో అన్నాను. మర్నాటికి ఫ్లోరంతా ఆమెని ఆదెమ్మ అనడం మొదలుపెట్టారు. "ఏటే, మీ ఆదెమ్మ ఈరోజు ఏటంతంది?" అని రోజూ అడిగేవారు.

ఏమంటుంది? అన్నీ అంటుంది. వీడియో పాఠానికి తెర మీదకి రాగానే నవ్వుతుంది. కస్టమర్లు పేరు తప్పు పలికితే, "కాదు, అ-కో-సు-వా, ఇంకోసారి ప్రయత్నించండి" అంటుంది. వాళ్ళు ప్రయత్నిస్తారు! ఎనిమిదేళ్ళుగా వెనెస్సాగా బతికిన నాకు అది మింగుడుపడలేదు. మొదటి రోజే నా అసలు పేరు అడిగి తెలుసుకుని, వాసవీ అని స్పష్టంగా పిలిచింది. నోరు చక్కగానే తిరిగింది.

ఆమె పొద్దున్నే లేచి, పొద్దున్న ఆఫీసుకి వెళ్తుంది. సాయంత్రం వెలుగుండగా బయటపడి, చర్చిలో పాటల సాధనకి వెళ్తుంది. "ఇవాళ త్వరగా వెళ్ళాలి వాసవీ, సాధన ఉంది" అన్నప్పుడల్లా నా కిటికీ బయట చీకటి పడిపోయి ఉండేది. పశువైద్యుల మాటలు నాకు వంటబట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఆమె వర్షాకాలం దాటేలోపు నేర్చేసుకుంది. పాఠం మధ్యలో అరటికాయ వేపుడు ముక్కలు నములుతూ, నోట్లో ముక్క ఉండగానే సరైన ప్రశ్న అడిగేది. సరైన ప్రశ్న కావడమే నాకు ఎక్కువ మంట.

అటువంటి ప్రశ్న ఒకటి మొదట్లోనే వచ్చింది. నేను 'చూస్తున్నాం' అనే మెట్టు నేర్పుతున్నాను.

"ఫైలు తెరవగానే మనకి జవాబు తెలిసిపోయింది కదా?" అంది.

"తెలిసింది."

"మరి ఎవరు చూస్తున్నట్టు?"

మన వైపు చావు కబురు ఎలా చెప్తామో నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. ఇవన్నీ మీకు తెలియవులే అన్న ధోరణి నా గొంతులో ఉండే ఉంటుంది. ఆమె నవ్వలేదు.

"మా దగ్గరా అంతే" అంది. "మా తాత పోయినప్పుడు మా అమ్మని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఎక్కడెక్కడి సంగతులో చెప్పి, ఆఖరున చెప్పారు. కానీ అది ప్రాణం వాసవీ. పోయాక మనం చెయ్యగలిగింది ఏమీ లేదు, ఎంత మెల్లగా చెప్పినా నష్టం లేదు. ఇది ఆపరేషన్ బిల్లు. డబ్బు రాదని తెలిస్తే ఆ మనిషి పరుగెత్తి చేసుకోవాల్సిన పనులు ఉంటాయి."

వాళ్ళ దేశం వేరు, వాళ్ళ పద్ధతి వేరు అని సరిపెట్టుకునే వీలు కూడా లేకుండా చేసింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఒక్క వాక్యం: "తెలివైనదే, నాకు నచ్చలేదు."

రెండు రికార్డింగులు

పండగలైపోయాక అసలు సంగతి బయటపడింది. కాల్స్ సగం మాకు, సగం అక్రాకి పంపుతారు. ఎండలు ముదిరే లోపు ఎవరి దగ్గర ఉంచాలో తేలుస్తారు. చిన్న టీమ్ కాస్తా మాకు సమానమైపోయింది. ఫ్లోర్ మీద జోకులు తగ్గాయి. నేను ప్రతి ఉదయం అక్రా మార్కులు మా మార్కుల పక్కన పెట్టి చూసుకునేదాన్ని. వాళ్ళ సర్వర్ పడిపోయిందని తెలిసిన రోజు నాకు ఆకలి బాగా వేసింది.

ఒక రోజు క్లయింట్ వైపు నుంచి కాల్స్ నాణ్యత చూసే ఆయన తెర మీదకి వచ్చి రెండు రికార్డింగులు వినిపించాడు. మొదటిది నాయుడిది. స్కూలు బస్సు నడిపి రిటైరైన ఒకావిడ. ఆవిడ కుక్క పేరు బిస్కెట్. కాలికి ఆపరేషన్ కావాలి. ఆవిడ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. నాయుడు మళ్ళీ మళ్ళీ మర్యాదగా మాట్లాడాడు. ఆఖరి ఫోన్‌లో ఆవిడ గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"డబ్బు రాదని మొదటి రోజే చెప్పి ఉంటే అదే రోజు దాన్ని ధర్మాసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. మీరు చూస్తున్నామన్నారని ఆగాను. ఇప్పుడు కాలు తీసేశారు."

ఒక క్షణం తరువాత నాయుడి గొంతు వినబడింది. "సారీ మేడమ్. చూస్తున్నాం మేడమ్."

తరువాత అకోసువాది వేశారు. అటువంటి క్లెయిమే. పేరు చెప్పింది, కుక్క ఎలా ఉందో అడిగింది. "మీ క్లెయిమ్‌కి డబ్బు రాదు. కారణం ఇది. వినడానికి ఇది మంచి మాట కాదని నాకు తెలుసు. ఇప్పుడు మీరేం చెయ్యొచ్చో చెప్తాను, పెన్ను దగ్గరుందా?" అంది. అవతల ఆయన కొంచెం ఏడ్చాడు. తరువాత, "ఏదో ఒకటి తెలిసింది, అది చాలు. థాంక్యూ" అన్నాడు.

డబ్బు రాదని చెప్పిన మనిషికి థాంక్యూ. నేను ఆ రికార్డింగులో తప్పు కోసం చెవులు రిక్కించి విన్నాను. పెన్ను అడిగే ముందు ఇంకొంచెం ఆగి ఉండాల్సింది అన్నది ఒక్కటే దొరికింది. అది కూడా బలవంతంగా దొరికింది.

తెర ఆగాక నాయుడు మొహం ఎర్రబడింది. "నానేటి సేసేను? సార్ సెప్పినట్టే గదా సెప్పేను."

"మర్యాదగా మాటాడ్డం కూడా తప్పయిపోయిందేటి?" అన్నారు సన్యాసిరావు గారు.

"కుక్క కాలు పోయింది సార్" అంది గౌరి.

కాదు అన్న తరువాత

ఆ తరువాత వచ్చిన సోమవారం నేను మొదటిసారి సూటిగా చెప్పాను. పిల్లి ఉన్న ఒకాయన. ముందు జాగ్రత్తగా రెండు చేతులతో బల్ల పట్టుకుని, "డబ్బు రాదండి" అన్నాను. అరుస్తాడనుకున్నాను. "సరే. అయితే ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. అడిగే చోటికి మేము ఎవరినీ రానివ్వలేదు. శ్రావణీ, నీకు ట్రైనింగ్‌లో కాదనడం ఎలాగో నేర్పుతారు. దానికి చక్కటి ఇంగ్లిష్ వాక్యాలు ఉంటాయి. అసలు ఉద్యోగం ఆ వాక్యం అయిపోయాక మొదలవుతుంది. అక్కడ నీ దగ్గర ఏమీ లేకపోతే సూటిగా చెప్పడం కూడా మోటుతనమే.

ఇష్టం లేకుండానే అకోసువాని అడిగాను. నీకు ఆ వివరాలన్నీ ఎక్కడివి అని. ఏ ఊళ్ళో ఏ ధర్మాసుపత్రి ఉంది, ఏ డాక్టర్లు వాయిదాల్లో తీసుకుంటారు, కంపెనీ నిర్ణయం తప్పనిపిస్తే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి, మొత్తం పంపించింది. కాదన్న ప్రతి కస్టమర్‌నీ "మీ కుక్కకి చివరికి ఎక్కడ పని జరిగిందో నాకు చెప్పండి, తరువాతి వాళ్ళకి పనికొస్తుంది" అని అడిగేదట. వాళ్ళు ఫోన్ చేసి మరీ చెప్పేవారట. నేనైనా ఇచ్చేదాన్నే అనుకుంటాను. కానీ రెండు రోజులు ఆగి, మూడోసారి అడిగించుకుని ఇచ్చేదాన్ని. పోటీలో ఉన్నామన్న సంగతి తెలిసి కూడా ఆమె టీ తాగేలోపు ఇచ్చేసింది. ఆ మంచితనం నాకు సుఖంగా లేదు. చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేది!

మేము మారాం. అందరికంటే నాయుడు ఎక్కువ మారాడు. "డబ్బు రాదు మేడమ్. కాయితం తీసుకోండి, రాసుకోండి" అని బస్సు కండక్టర్‌లా చెప్పేవాడు. మా మార్కులు అక్రా మార్కులకి దగ్గరపడ్డాయి. గౌరిని విశాఖలో ఒక ఆఫీసు ఉద్యోగం ఇస్తామని పిలిచింది. "ఇక్కడ నిలబడీసేం గదే, ఇంక ఆ మహా పట్నం నాకెందుకు?" అని గౌరి జవాబివ్వకుండా నానబెట్టింది.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి పని చేయి మారినప్పుడు, మనం ఇంకొంచెం బాగా చేసి ఉంటే నిలిచేదని ఎవరైనా అంటే సగమే నమ్ము. కాదనడం మేము నేర్చుకోగలిగాం. విజయనగరం గడియారాన్ని లండన్‌తో కలపడం ఎవరి తరం కాదు. మేము రాత్రి ఇళ్ళకి చేరడానికి కార్లు కావాలి, అకోసువాకి అక్కర్లేదు. ఆమెకి ఊరికే కలిసొచ్చిన వాటి మీద కూడా నాకు కుళ్ళే. కష్టపడి సంపాదించిన వాటికంటే వీటి మీదే ఎక్కువ.

పునుగులు

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, షిఫ్ట్ మొదలవక ముందు అకోసువాతో మామూలు మాటల్లో ఉన్నాను. "ఒకటో తేదీ నుంచి కాల్స్ అన్నీ మాకే కదా. మీకు ఏ కొత్త పని ఇస్తున్నారు?" అంది.

"ఏ కొత్త పని?" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నీకు చెప్పలేదా?"

"లేదు."

పొరపాటున విన్నానేమో అని ఆమె సర్దుకోవచ్చు. మీ మేనేజర్‌ని అడుగు అనొచ్చు. అవేవీ అనలేదు. "అవును వాసవీ. పని మొత్తం ఇక్కడికి వస్తోంది. నాకు నిన్న చెప్పారు. చాలా బాధగా ఉంది" అంది. ఇంతకాలం ఆమె కస్టమర్లతో అన్న మాటే, ఈసారి నాతో అంది. వెంటనే, "ఇప్పుడు నీకేం కావాలి? నేనేం కనుక్కోను?" అంది.

మా ఆఖరి రోజు ఎప్పుడో, క్లయింట్ మా పని బాగుందని ఉత్తరం ఇస్తుందో లేదో కనుక్కోమన్నాను. కాసేపట్లో కనుక్కుంది. ఆఖరి రోజు నెలాఖరే. ఆ లోపు అడిగిన వాళ్ళకి ఉత్తరం ఇస్తారు. ఆ తరువాత అడిగినా లాభం లేదు.

ఆ సాయంత్రం విరామానికి సన్యాసిరావు గారు అందరికీ పునుగులు, అల్లం చట్నీ తెప్పించారు. అందరం చుట్టూ మూగాక, గొంతు సవరించుకుని, "క్లయింటు ఫోన్ సేసేరు. వర్కు కొంచెం తగ్గిస్తన్నారంట. కంగారు పడకండి. సూద్దాం" అన్నారు.

"తగ్గిస్తన్నారంతే గదా సార్?" అంది గౌరి.

"అంతేనమ్మా."

గౌరి ఊపిరి వదిలింది. "అయితే విశాఖ వోళ్ళకి రానని సెప్పీస్తాను. ఈరోజే ఏదో ఒకటి సెప్పమన్నారు" అని ఫోన్ తీసింది.

నేను లేచి నిలబడ్డాను. చేతిలో పునుగు ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అందరూ నన్ను చూస్తున్నారు.

"తగ్గించడం కాదు" అన్నాను. "పోయింది. పని మొత్తం పోయింది. నెలాఖరే ఆఖరు."

ఎవరో నవ్వారు, నేను జోకు వేశాననుకుని. నేను జోకులు వెయ్యనని గుర్తొచ్చి ఆగిపోయారు.

"ఎవులు సెప్పేరు నీకు?" అన్నారు సన్యాసిరావు గారు.

"అక్రా వాళ్ళు సార్. నిజమేనా?"

ఆయన అందరి మొహాలూ చూశారు. "రేపు సెప్దామనుకున్నానమ్మా" అన్నారు మెల్లగా. "ఒక్కసారే వింటే తట్టుకోలేరని."

"రేపటికి గౌరికి ఆ ఉద్యోగం ఉండదు సార్."

నాయుడు పునుగుల పొట్లం పక్కకి తోసి, "మరిప్పుడేటి సెయ్యాల?" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఈసారి నా దగ్గర సమాధానం ఉంది. ఉత్తరం సంగతి చెప్పాను, ఇవాళే అడగాలన్నాను. ఇన్సూరెన్స్ పని తెలిసిన వాళ్ళని తీసుకుంటున్న ఆఫీసులు విశాఖలో ఏవేవి ఉన్నాయో, మధ్యాహ్నం నుంచి వెతికినవి చెప్పాను. రాసుకోమన్నాను. రాసుకున్నారు. నా గొంతు ఎక్కడా ఆగలేదు. సన్యాసిరావు గారు కూడా జేబులోంచి పెన్ను తీయడం చూశాను.

గౌరి అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోన్‌లో గట్టిగా చెప్తోంది. "వస్తన్నానండి. ఆఁ, రమ్మంటే సోమవారమే వచ్చీస్తాను." పెట్టేసి నా దగ్గరికి వచ్చి, మోచేత్తో పొడిచింది. "ఒసే, ఇంత నోరు ఇన్నాళ్ళూ ఎక్కడ దాసేవే?" తరువాత, "అందరికీ సెప్పేవు. మరి నువ్వేటి సేస్తావు?" అంది.

"తెలీదు" అన్నాను.

అదీ సూటి మాటే. అంతకంటే నా దగ్గర లేదు.

గదికి వెళ్ళాక అకోసువాకి మెసేజ్ పెట్టాను, అందరికీ నేనే చెప్పానని. "నువ్వు చెప్పగలవని నాకు మొదటి వారంలోనే తెలుసు" అని జవాబు వచ్చింది.

నాకు తెలియదు. తొమ్మిదేళ్ళు నా గొంతుతోనే బతికి కూడా, అది పదిమంది ముందు పలుకుతుందని నాకు తెలియలేదు. తెర మీద కొన్ని నెలలు చూసిన మనిషికి తెలిసింది. పని తీసుకుపోయినందుకు ఆమె మీద ఉన్న మంట క్రమంగా చల్లారింది. ఈ ఒక్క సంగతి నాకంటే ముందు ఆమెకి తెలిసిందన్న కుళ్ళు మాత్రం ఇవాళ్టికీ అలాగే ఉంది.